బయటి పెట్టె, బిందెలో ఉంగరం

గంపలగూడెం, సోమవారం

చిరంజీవి జానీబాషాకి ప్రమీలక్క దీవెనలు.

ఇక్కడ మా వీసీఆర్ తప్ప అందరం కులాసా. రోజూ తిరువూరు వచ్చే కూరగాయల చిట్టెమ్మ చేతికి మా పెళ్లి క్యాసెట్ ఇచ్చి మీ స్టూడియోకి పంపుతున్నాను. ముప్పై అయిదేళ్ల కిందట మీ నాన్నే తీశారు. అందులో బిందెలో ఉంగరం ఎవరికి దొరికిందో తేలాలి. ఉంగరం పట్టుకుని చెయ్యెత్తింది నేనే. ఎ.కొండూరు ఆడపడుచు మాత్రం "ముందు దొరికింది మా అన్నయ్యకే" అని కనబడ్డప్పుడల్లా అంటుంది. మా ఆయన్ని అడిగితే "గుర్తులేదు" అంటారు. ఈ ఆదివారం మా పెళ్లిరోజు. ఆవిడా వస్తోంది. బొమ్మ శుభ్రం చేసిపెట్టు, అందరి ముందూ టీవీలో వేస్తాను.

ఇట్లు, నీ అక్క ప్రమీలారాణి.

తా.క.: ఫోన్ చెయ్యకు. స్పీకర్ పెడితేగానీ నాకు వినబడదు. పెడితే మా ఆయనకి వినబడుతుంది.

తిరువూరు, మంగళవారం

ప్రమీలక్కకు జానీబాషా సలాములు.

క్యాసెట్‌ని లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. అంతా మసక. మీరడిగిన ఉంగరం ముక్క ఎనిమిది సెకన్లే. ఒక్కో బొమ్మనీ విడదీసి తుడిచే సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, పందొమ్మిది రోజులు పడుతుందని చెప్పింది. ఆ పనికి శక్తినిచ్చేది గ్రాఫిక్స్ కార్డు. నా లాప్‌టాప్‌లో ఉన్నది చిన్నది, పెద్దది లోపల పట్టదు. అందుకని పెద్ద కార్డుని విడిగా ఓ పెట్టెలో పెట్టి, వైరుతో లాప్‌టాప్‌కి తగిలిస్తారు. బెజవాడలో మా తమ్ముడు నాజిమ్ దగ్గర ఉంది. రేపు బస్సులో వేస్తానన్నాడు.

మీ తమ్ముడు, బాషా.

తా.క.: మా ఆవిడ షరీఫాబీ చూసి "పెళ్లికొడుకు బావున్నాడు" అంది. ఆవిడ చూపించింది సన్నాయి ఆయన్ని.

గంపలగూడెం, బుధవారం

బాషాకి దీవెనలు.

గ్రాఫిక్స్ అనేసరికి గుండె గుభేలుమంది. సినిమాల్లో ఏనుగుల్ని ఎగరేసేది దాంతోనేగా? నాకు లేని ఉంగరం పుట్టించొద్దు నాయనా, ఉన్నదే చూపించు. అయినా మా బోరుకి శక్తి చాలకపోతే మోటారే మార్చేస్తాం గానీ, పక్కన ఇంకోటి పెట్టి వైరు తగిలిస్తామా?

నీ ఉత్తరం మా ఆయన కంట పడింది. "ఆ పెట్టె వేడెక్కుతుందా?" అని అడిగారు. పొలంలో మోటారు గురించి తప్ప ఆయన ఇంకే యంత్రం గురించీ అడగ్గా నేను వినలేదు.

ఉంటాను, ప్రమీల.

తా.క.: రేపు పురుగుమందుకి తిరువూరు వెళ్లాలట. ఈ ఎండాకాలం మా పొలంలో పంటే లేదు!

తిరువూరు, గురువారం

అక్కగారికి సలాములతో మీ బాషా మొర.

లేని ఏనుగుని ఈ పెట్టె పుట్టించదక్కా, అది గ్రాఫిక్స్ చేసేవాళ్ల పని. ఇక్కడ ఉన్న బొమ్మనే తుడవమన్నాను. తగిలించగానే పందొమ్మిది రోజుల పని పదకొండు గంటలకి దిగింది.

ఇంతలో బావగారు వచ్చారు. పెట్టె మీద చెయ్యి పెట్టి "కాలిపోతోందయ్యా" అన్నారు. "లోపల ఫ్యాన్ ఉంది బావగారూ, వేడిగాలి అదే బయటికి తోస్తుంది" అన్నాను. నేను టీ చెప్పి వచ్చేసరికి దాని మీద తడి గోనెసంచి కప్పి కూర్చున్నారు! ఊపిరాడక పెట్టె ఆగిపోయింది. సంచి బాగా పిండి కప్పారు కాబట్టి నీళ్లు లోపలికి పోలేదు. మళ్లీ మొదలెడితే "ఈ వైరెందుకు?" అంటూ పీకేశారు. పని మళ్లీ మొదటికొచ్చింది.

దిక్కుతోచని మీ తమ్ముడు.

తా.క.: సంచి మా షాపుది కాదు. స్కూటర్ డిక్కీలోంచి తీశారు.

గంపలగూడెం, శుక్రవారం

బాషాకి దీవెనలు, మీ బావగారికి చీవాట్లు.

చూశావా! చెల్లెలి మాట నెగ్గాలనే ఈ వేషాలన్నీ. నిన్నటినుంచి ఆయనకి పచ్చడి మెతుకులే. నువ్వు తలుపేసుకుని పని కానివ్వు. ఆ ఎనిమిది సెకన్లు తేలితే చాలు నాకు.

కోపంతో, ప్రమీల.

తా.క.: సంచి ఇంటి దగ్గరే తడిపి తెచ్చారంటావా? సరిగ్గా గుర్తుచేసుకుని రాయి.

తిరువూరు, శనివారం

ప్రమీలక్కకు సలాములు.

పని అయింది. టీవీకి తగిలించుకునేలా పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. పెళ్లంతా అద్దంలా ఉంది. మీ ఆడపడుచు గారు లడ్డూలు కొంగులో దాచడం కూడా కనిపిస్తోంది. ఉంగరం దగ్గర మాత్రం ఎనిమిది సెకన్లు ఎంత తుడిచినా మసక పోలేదు. అక్కడ టేపు అరిగిపోయిందక్కా. పెట్టెది తప్పు కాదు, నాదే చేతకానితనం. మన్నించండి.

తల వంచుకుని, బాషా.

తా.క.: సంచి ఇంటి నుంచి తడిపే తెచ్చారు. బావగారు నిన్న మళ్లీ మా షాపుకి రాలేదు, నాతో ఏమీ అనలేదు.

గంపలగూడెం, సోమవారం

అబద్ధమాడటం చేతకాని నా తమ్ముడికి దీవెనలు.

ఆ మసక నువ్వు పెట్టిందే. మీ బావగారు బతిమాలి ఉంటారు. ఉంగరం దొరికింది ఆయనకే బాషా. ఆ రోజు బిందె చుట్టూ అంతా వాళ్లవాళ్లు, "ఓడిపోయింది, ఓడిపోయింది" అని అరవడానికి సిద్ధంగా ఉన్నారు. నాకు ఏడుపొచ్చేస్తోంది. ఆయన నా మొహం చూశారు. బిందె అంచు దగ్గర ఉంగరం నా గుప్పిట్లో పెట్టి వేళ్లు మూసేశారు. ఆ రోజు నుంచీ నాకు తెలుసు.

మరి ఇంత రభస ఎందుకంటావా? ఎన్నిసార్లు అడిగినా గుర్తులేదంటారు. నిజంగానే మరిచిపోయారేమోనని నాకు బెంగ. మరిచిపోయిన మనిషి గోనెసంచి తడిపి, మండుటెండలో తిరువూరు దాకా తీసుకెళ్లి నీ పెట్టెకి కప్పడు కదా! నాకు కావలసింది గురువారమే తేలిపోయింది. శుక్రవారం నాటి కోపం ఉత్తుత్తిదే. పచ్చడి అన్నది కొత్తావకాయ, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు.

నిన్న టీవీలో వేశాం. మసక రాగానే ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నేను లడ్డూల దగ్గర ఆపమన్నాను.

చల్లగా ఉండు. నీ అక్క.

తా.క.: మసక లేని కాపీ నీ దగ్గర ఉంటుంది. చిట్టెమ్మ చేతికివ్వు, మీ బావగారికి చెప్పకు. గోనెసంచి ఆరేసి, మడిచి, బీరువాలో పెళ్లి పట్టుచీర పక్కన పెట్టాను.