నా బూత్‌కు మూడు మెట్లు

జూన్ 5, సోమవారం

ఫోన్ బూత్ నాకే వచ్చింది! వికలాంగుల కోటాలో, ఎల్‌బీ నగర్ బస్టాపు పక్కన. ఇక ఇంట్లో కాగితం కవర్లు అంటించే పని లేదు. వేళ్లకు పట్టిన మైదా వాసన వదులుతుందా... చూడాలి. అమ్మ కళ్లు తుడుచుకుంది, ఆ వెంటనే పక్కింట్లో చెప్పడానికి పరుగెత్తింది.

జూన్ 8, గురువారం

అన్న అప్పుడే ఆటో స్టాండులో "మా బూత్" అని చాటింపు వేశాడట. అన్నం తింటూ నాతో — "చెల్లె, నువ్వెందుకు పరేషాన్ అయితవ్? పేరు నీదే ఉంటది, నేను కూసుంట."

ఒళ్లు మండింది. కూర్చోవడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని. అదీ తనే చేస్తాడట!

జూన్ 11, ఆదివారం

చర్చి అయ్యాక మూడు చక్రాల బండి చేత్తో తిప్పుకుంటూ కొత్తపేట మీదుగా బూత్ చూడటానికి వెళ్లాను. భుజాలు పట్టేశాయి. నీలం రంగు డబ్బా, ముద్దొస్తోంది. కానీ... ఎత్తు గద్దె మీద. ముందు మూడు మెట్లు.

మేస్త్రి ఎల్లయ్య మీసం దువ్వుతూ — "వాన నీళ్లు రావొద్దని లేపిన. మెట్లు ఎట్లున్నయమ్మా?"

"మస్తున్నయ్. మరి నేనెట్ల ఎక్కాలె?"

నా బండి చూశాడు. మెట్లు చూశాడు. నాలుక కరుచుకున్నాడు. తిడదామనుకున్నాను, నవ్వొచ్చేసింది.

జూన్ 12, సోమవారం

చుట్టూ ఇళ్లు లేస్తున్నాయి, మొరం మట్టికి కరువా. ఎల్లయ్య బండెడు తెచ్చి మెట్ల మీద ఏటవాలుగా పోసి దిమ్మిస కొట్టాడు. "సిమెంటు తర్వాత పోస్త, జర ఎక్కి చూడు."

ఎక్కాను. ఎవరూ తొయ్యకుండా.

జూన్ 14, బుధవారం

మొదటి గిరాకీ. గుంటూరు ఆవిడ — "ఓనరుగారు లేరా అమ్మా?"

"నేనేనండీ."

ఎగాదిగా చూసింది. "అయితే మా చెల్లాయికి కలపమ్మా" అంది. రోజంతా గాల్లో తేలాను.

సాయంత్రం అన్న తాళం చెవి అడిగాడు. ఇవ్వలేదు.

జూన్ 16, శుక్రవారం

తెల్లారేదాకా వాన. మొరం కొట్టుకుపోయి మెట్లు బయటపడ్డాయి. కిందే, బండిలో కూర్చుని రాస్తున్నాను. ఎల్లయ్య జాడ లేదు. ఒకాయన నంబరు చీటీ పట్టుకుని అప్పుడే ఎదురుచూస్తున్నాడు.

అన్న వచ్చాడు. పిలవలేదు, తనే వచ్చాడు. రెండంగల్లో పైకెక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు. తాళం చెవి మాత్రం కింద నా గుప్పిట్లో. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం, నవ్వు ఆగలేదు. చెవి ఇచ్చేస్తే బూత్ తనదైపోతుందేమోనని భయమూ వేస్తోంది.

ఇప్పుడే దిగి వచ్చి చెయ్యి చాపాడు. తాళం చెవి కోసమా, నన్ను ఎత్తుకోవడానికా... ఇంకా అడగలేదు.