అత్తగారి అరచెయ్యి

జూలై 4

వైపర్లు చచ్చాయి. పికప్ వయసు ఇరవై ఆరు, మొండితనం అరవై. ఫ్యూజ్ మార్చాను. ఉలకలేదు, పలకలేదు.

జూలై 5

స్విచ్ విప్పి వైర్లు గీకి బిగించాను. ఈసారి హారన్ కూడా పోయింది. మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. తొమ్మిదో నెలలో అంత నవ్వు పనికిరాదని అత్తగారు నన్ను కసిరారు, నవ్వింది నేనైనట్టు. కాన్పు కోసమని పది రోజుల క్రితం కుట్టుమిషన్‌తో సహా వచ్చారావిడ.

జూలై 7

బ్యాటరీ వీక్ కాబట్టి ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, మెకానిక్ చెవి రిక్కించి విన్నాడు. మోటారు కాలిపోయిందన్నాడు. ఈ మోడల్‌ది రావడానికి వారం పడుతుందట.

డాక్టరమ్మ ఇచ్చిన డేట్‌కి ఐదు రోజులే ఉంది. ఆసుపత్రి నలభై కిలోమీటర్లు, సగం ఘాట్ రోడ్డు. అంబులెన్స్ అక్కడినుంచే రావాలి, అంటే రెట్టింపు టైము. వానలు మొదలయ్యాయి. అద్దంలోంచి దారి కనపడకుండా ఆ మలుపుల్లో తనను ఎలా తీసుకెళ్లను? భయంగా ఉంది. ఇంట్లో చెప్పలేదు.

జూలై 8, సాయంత్రం

ఇది రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

అత్తగారికి సరిగ్గా వినపడదు. ముప్పై ఏళ్లు గార్మెంట్ ఫ్యాక్టరీలో రెండు వందల మిషన్ల రొద మధ్య కుట్టిన మనిషి. నేను బండి ముందు తల గోక్కుంటుంటే వచ్చి, అద్దం కింద రేకు మీద అరచెయ్యి ఆనించారు. స్విచ్ వెయ్యి బాబూ అన్నారు. వేశాను. తియ్యి అన్నారు. మళ్లీ వెయ్యి అన్నారు. కళ్లు మూసుకున్నారు. మోటారు తిరుగుతూనే ఉంది, పాపం దాన్ని ఆడిపోసుకోకు, లోపల కడ్డీ ఊడింది అన్నారు.

నాకు నవ్వొచ్చింది. మూత విప్పాక ఆ నవ్వు పోయింది. మోటారు భేషుగ్గా తిరుగుతోంది. కడ్డీ పక్కన పడి ఉంది. రెంటినీ కలిపే చొక్కా గుండీ అంత బుష్ అరిగి పొడైపోయింది. ఇంజన్ రొదలో నా చెవికీ మెకానిక్ చెవికీ అందనిది ఆవిడ చేతికి అందింది. నేను కొండను తవ్వి ఎలుకను పట్టాను. ఆవిడ తవ్వకుండానే పట్టారు.

గుండ్రంగా తిరిగేదాన్ని అటూ ఇటూ ఊపేది ఈ కడ్డీయే, మా మిషన్లలోనూ ఇంతే అన్నారు. తన మిషన్ బెల్టులోంచి తోలుముక్క కోసి, నూనెలో నానబెట్టి, బుష్ ఉన్నచోట చుట్టి దారంతో బిగించారు. స్విచ్ వేశాను. వైపర్లు రెండూ లేచాయి.

ఇన్నాళ్లూ ఆ చేతి వంట తిన్నాను, ఒక్కసారైనా ఆ చేతిని సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది.

జూలై 9

అద్దం మీద బకెట్లతో నీళ్లు పోస్తూ గంటసేపు వైపర్లు తిప్పాను. తోలు నిలిచింది. హారన్ సంగతి దేవుడికెరుక.

జూలై 11, ఉదయం 6:10

నొప్పులు. వాన. బయల్దేరుతున్నాం.

ఉదయం 8:05

తనను లోపలికి తీసుకెళ్లారు.

ఘాట్ మొత్తం కుండపోత. మలుపు కనిపించేది, మాయమయ్యేది, వైపర్ మళ్లీ తెచ్చేది. ఎంతసేపు తెస్తుందోనని నా ప్రాణం ఆ తోలుముక్క మీదే ఉంది. అత్తగారు ఒక చెయ్యి కూతురి కడుపు మీద, రెండోది డాష్‌బోర్డ్ మీద పెట్టి కూర్చున్నారు. రెండూ బాగానే నడుస్తున్నాయి, నువ్వు రోడ్డు చూడు అన్నారు.

ఉదయం 10:25

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

చూసొచ్చి బండిలో కూర్చున్నాను. ఎండ కాస్తోంది. వైపర్లు వేశాను. పొడి అద్దం మీద అటూ ఇటూ, అటూ ఇటూ. ఆపడానికి చెయ్యి రావడం లేదు.