ఇరవై ఏడో నంబరు

హెడ్మాస్టరు గారికి,

స్కార్ఫు చూసి నవ్వొద్దని గోడపత్రికలో ఇద్దరమ్మాయిలు కలిసి రాశారు. ఒకమ్మాయిని మందలించి వదిలేశాం. స్కార్ఫు వేసుకునే ముస్లిం పిల్లను మాత్రం నెల రోజులు బడికి రావద్దన్నాం. ఆ కాగితం మీద మీ సంతకం కింద క్లాస్ టీచరుగా నాదీ ఉంది.

అప్పటినుంచి హాజరు పిలిచేటప్పుడు ఆమె నంబరు ఇరవై ఏడును దాటేస్తున్నాను. అయినా ఇరవై ఆరు తర్వాత "ప్రెజెంట్ టీచర్" అని ఆ పిల్ల గొంతు వినిపిస్తోంది. పిల్లల ఆకతాయితనమేమోనని, నిన్న అందరి చేతా నోటికి చెయ్యి అడ్డం పెట్టించి పిలిచాను. అప్పుడూ వినిపించింది. డ్రాయింగు మాస్టారితో చెబితే "చెవులు చూపించుకోండి టీచర్" అని నవ్వారు.

ఈ ఉదయం, మందలించి వదిలేసిన ఆ అమ్మాయిని లేపి, ఎవరమ్మా పలుకుతున్నది అని అడిగాను.

"మీరే టీచర్. రోజూ మీరే, తన గొంతుతో. మాకు భయమేస్తోంది" అంది.

రిజిస్టరు తిరగేశాను. బడికి రాని ఈ పదకొండు రోజులూ ఆ పిల్లకు హాజరు పడి ఉంది, నా చేతిరాతతోనే.

సంతకం పెట్టిన రోజు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆ నోరు నా మాట వినడం లేదు. దయచేసి ఆ అమ్మాయిని పిలిపించండి. తన జవాబు తననే చెప్పుకోనివ్వండి.

తొమ్మిదో తరగతి క్లాస్ టీచరు