బొగ్గెక్కిన బంగారం

నవంబరు 4

సోల్, అంటే బంగారు కణాలు తేలే ద్రావణం, ఊదా రంగుకు తిరిగింది. ఎర్రగా రావాలి. ఊదా అంటే బంగారు కణాలు ముద్దకట్టేశాయని. తప్పు నాదే. తొందరలో ఫ్లాస్కును కుళాయి నీళ్లతో కడిగాను.

కంటికి ఆనని బంగారు కణాల్ని కాఫీ పొట్టు బొగ్గుకు పట్టించాలి. అదే నా క్యాటలిస్టు. గోల్డ్ సాల్ట్ ఇంకొక్కసారికే ఉంది. ఈ నెలలో పని చేయకపోతే పీహెచ్‌డీ టాపిక్ మార్చుకోమన్నారు మా గైడ్ వరహాలరావు సార్.

నవంబరు 6

గాజు సామానంతా మూడుసార్లు కడిగాను. డిస్టిల్డ్ వాటర్‌తోనే.

నవంబరు 7, ఉదయం 11

వచ్చింది! గోల్డ్ సాల్ట్‌ను కణాలుగా మార్చే బోరోహైడ్రైడ్ పడగానే ఎరుపు. మా అనంతగిరి తోటలో పండిన కాఫీ పండు ఎరుపు.

బొగ్గు పొడి వేసి గంటసేపు తిప్పాను. ల్యాబ్ అటెండర్ సోములమ్మత్త తొంగి చూసి కేక పెట్టింది. "ఓలమ్మా కృపా, ఎరుపంతా పోనాది! ఏటి సేసినావే గుంటా?" బంగారమంతా బొగ్గుకు పట్టేసింది, అందుకే నీళ్లు తేటపడ్డాయన్నాను. తన ముక్కుపుడకలో ఉన్నంత కూడా ఇందులో లేదంటే నమ్మలేదు.

నవంబరు 11

అసలు పరీక్ష. నా క్యాటలిస్టుతో బెంజైల్ ఆల్కహాల్‌ను ఆక్సిడైజ్ చేసి బెంజాల్డిహైడ్ రాబట్టాలి. ఫ్లాస్కుకు ఆక్సిజన్ బెలూన్, అరవై డిగ్రీలు, ఆరు గంటలు.

నాలుగు గంటలయ్యాక కరెంటు పోయింది. ద్రావణాన్ని తిప్పే స్టిర్రర్ ఆగింది. నేను కూలబడ్డాను. అత్త ఊరుకోలేదు. "ఏడుత్తూ కూకుంటే తిరుగుద్దేటి? బేగి లెగు!" క్యాంటీన్ నుంచి వేడినీళ్లు తెచ్చింది. థర్మామీటర్ చూసుకుంటూ నేను నీళ్లు కలుపుతుంటే, ఆమె గ్లవ్స్ తొడుక్కుని ఫ్లాస్కు ఊపింది. చేతులు లాగితే చోట్లు మార్చుకున్నాం. మధ్యలో మా కొండల ధింసా నాట్యం పాట ఎత్తుకుంది. ఆ దరువుకి ఊపడం తేలికైంది. అలా రెండు గంటలు.

మూత తీస్తే గుప్పున బాదం వాసన! బెంజాల్డిహైడ్ వాసన అదే. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

నవంబరు 12

ఎంత మారిందో కొలవడానికి శాంపిల్ వైజాగ్ ల్యాబ్‌కు పంపాను.

నవంబరు 18

రిపోర్టు వచ్చింది. ఆల్కహాల్ డెబ్బై ఒక్క శాతం బెంజాల్డిహైడ్‌గా మారింది! కరెంటుంటే ఇంకెంత వచ్చేదో అన్నాను. అత్త మూతి తిప్పింది. తక్కువే వచ్చేదంది.

నవంబరు 20

టాపిక్ మారలేదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో స్టిర్రింగ్ స్పీడ్ గడి ఖాళీగా ఉందేమన్నారు సార్. అక్కడే నిలబడి నింపాను: నాలుగు గంటలు ఎనిమిది వందల ఆర్పీఎం, తర్వాత సోములమ్మ.

సార్ సంతకం పెట్టారు. కింద ఒక్క ముక్క రాశారు. "రిపీట్. ఆమెతోనే."