ఈశాన్యం మూల మట్టి

అన్నయ్యా, అందరం బాగానే ఉన్నాం, కంగారుపడకు. గుండె ఆపరేషనై మూణ్ణెల్లన్నా కాలేదు, మీ బావగారు బొమ్మరైలు నడుపుతానంటూ పెరడంతా తవ్వుతున్నారు. పట్టాలకనీ, వాటి పక్కన మొక్కలకనీ మోకాలెత్తు మట్టి మడులు కడుతున్నారు, అదీ ఈశాన్యంలో! మొక్కలకు ఎండ అక్కడే పడుతుందట. ఆ మూల ఎత్తు పెరిగితే ఇంటి యజమానికి అరిష్టమని అమ్మ అనేది. నేను నమ్మను. కానీ నిన్న మట్టితట్ట ఎత్తబోయి ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. పైగా, "అచ్ఛా మేడమ్, గుండెక్కూడా వాస్తు ఉందా?" అని నవ్వారు.

నా మాట వినరు. వాస్తు వంకతో నువ్వైనా ఆపమని రాయి. నేను చెప్పినట్టు తెలియనివ్వకు. ఆవకాయలో ఈసారి ఉప్పు తగ్గించమని వదినతో చెప్పు. ఆమెకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇది రాస్తుండగా పార చప్పుడు ఆగింది. పరుగెత్తాను. మంచినీళ్లు తాగుతున్నారు. త్వరగా రాయి.

నీ చెల్లెలు సునంద, వసంత్ కుంజ్