ఒతీలియా ఎవరినీ అడక్కుండా కట్టిన ఇల్లు

జనవరి 16

రాయి ఎర్మీనా, ఉన్నదున్నట్టు రాయి. నాకు అక్షరం రాదు గానీ, నువ్వు అబద్ధం రాస్తే నీ మొహం చూసి పట్టేస్తా.

నేను, చిలీ దేశం చిలోయే దీవి ఒతీలియా రెమొల్కోయ్‌ని, డెబ్బై నాలుగేళ్ళదాన్ని. మొగుడు పోయాక చెల్లెలి ఇంట్లో ఉంటున్నా. ఆ చెల్లెలే ఇది రాస్తున్న ఎర్మీనా. నిన్న నాతో ఏమంది? "నా పొయ్యి దగ్గర నా మాటే చెల్లాలక్కా!" అంది.

సరే. జూన్‌లో మా చలికాలం దిగేలోపల నా ఇల్లు, నా పొయ్యి! ఒడ్డున నా నేలలో మూడు సైప్రస్ చెట్లున్నాయి. నేనే పడగొడతా, నేనే దూలాలు కోస్తా, నేనే నిలబెడతా. ఈ దీవిలో ఒక్కర్నీ సాయం అడగను. పక్క పొలం ఎలియాసర్‌ని అసలే అడగను. పదకొండేళ్ళ కిందట వాడి ఎడ్లు నా వెల్లుల్లి మడి తొక్కేశాయి. పైగా "నీ వెల్లుల్లి ఘాటుకి నా ఎడ్ల కళ్ళు మండాయి" అన్నాడు. అప్పట్నించీ మాటల్లేవు.

చంద్రుడు తరుగుతున్నాడు. చెట్టు కొట్టడానికి ఇదే అదను. పెరిగే చంద్రుడిలో కొడితే పురుగు పడుతుంది.

జనవరి 20

ఉదయం 7. మోటారు రంపం స్టార్ట్ కాలేదు.

7.30. కాలేదు.

8. దాన్నీ, దాన్ని చేసినవాణ్ణీ, వాడి అమ్మనీ తిట్టాను.

8.10. మరిది ఫెర్మీన్ వచ్చి తాడు లాగాడు. స్టార్టయింది. లాగమని నేను అడగలేదు. తిట్టింది మిషన్ని. అతనికి వినపడితే నా తప్పా? నవ్వకు ఎర్మీనా, రాయి.

ఫిబ్రవరి 6

కోసినవి: గుంజలు ఆరు, దూలాలు నాలుగు, నా కాలి గోరు ఒకటి.

మొదటి దూలం ఈ చివర జానెడు, ఆ చివర బెత్తెడు. అయినా నేను కోసిందే!

ఫిబ్రవరి 19

పైన, గట్టు మీద కడదామనుకున్నా. ఇంతలో ఎలియాసర్ కంచె అవతల్నించి, "ఒతీలియా, ఒడ్డున మాత్రం కట్టకు. మార్చి పోటు అక్కడిదాకా వస్తుంది" అన్నాడు.

ఒడ్డునే కడుతున్నా.

"నా డెబ్బై నాలుగేళ్ళలో సముద్రం ఆ రాయి దాటలేదు" అన్నాను.

"దాటిందక్కా, నువ్వు పెళ్ళై అవతలి దీవిలో ఉన్నప్పుడు" అంది ఎర్మీనా.

నేను లేనప్పుడు దాటింది లెక్కలోకి రాదు.

మార్చి 2

ఇల్లు లేచింది! దూలాల చివర చెక్కిన కుసులు గుంజల బెజ్జాల్లో దిగాయి, చెక్క చీలలు కొట్టాం, ఇనుప మేకు ఒక్కటి లేదు. "కొట్టాం" అంటే, నేనూ, ఇంకో నలుగురూ. దూలాన్ని తిడుతుంటే వాళ్ళకి వినపడిందట. దూలాన్ని తిట్టడం అడగడం కాదు.

మార్చి 15

పున్నమి పోటు. మధ్యాహ్నం ఒంటిగంటకి నీళ్ళు గడప దాటాయి. పీత ఒకటి లోపలికొచ్చి ఇల్లంతా చూసిపోయింది. దానికి నచ్చినట్టు లేదు.

నెలాఖరు అమావాస్య పోటు ఇంకో మూడు మూరలు లేస్తుందన్నాడు ఫెర్మీన్. అంటే ఇల్లు పోయినట్టే. నాకు ఇంకో మూడు చెట్లు లేవు.

మార్చి 17

రెండు రోజులు సముద్రాన్ని తిట్టాను. గొంతు పోయింది. అందరూ కిటికీల్లోంచి చూశారు. ఒక్కడూ రాలేదు!

"ఇంటిని ఉన్నదున్నట్టు ఎడ్లతో గట్టు మీదికి లాగడమంటే వేరక్కా. ఇంటామె గడప గడపకీ వెళ్ళి నోరు తెరిచి అడగాలి. అడగందే ఎవరూ తాడు ముట్టరు. మొదటి గడప ఎడ్లున్నవాళ్ళది" అంది ఎర్మీనా.

"ఎడ్లెవరికున్నాయి?"

"తెలీనట్టు!"

మార్చి 18

వాన. వెళ్ళలేదు.

మార్చి 19

వాన లేదు. మోకాలు నొప్పి.

మార్చి 20

మోకాలు బాగుంది. బూట్లు తడి.

మార్చి 21

వెళ్ళాను.

"ఏం ఒతీలియా, దారి తప్పావా?" అన్నాడు ఎలియాసర్.

"నా ఇల్లు తడుస్తోంది."

"నే చెప్పానుగా."

"నువ్వు చెప్పబట్టే అక్కడ కట్టా! నోరు మూసుకునుంటే గట్టు మీదే కట్టేదాన్ని!"

నవ్వాడు దరిద్రుడు. "ఇంతకీ ఎందుకొచ్చావు?"

"తెలుసుగా."

"తెలుసు. నీ నోటితో అనాలి. ఆ ఆచారం నేను పెట్టింది కాదు."

వెనక్కి తిరిగి కంచె దాకా నడిచా. అక్కణ్ణించి ఇల్లు కనపడింది. సముద్రం పక్కన ఒంటరిగా, వంకర దూలంతో. మళ్ళీ వెనక్కొచ్చా.

"ఎలియాసర్, నా ఇల్లు లాగడానికి రా. నిన్ను అడుగుతున్నాను."

టోపీ తీశాడు. "వస్తాను ఒతీలియా" అన్నాడు, అంతే. వెక్కిరిస్తాడనుకున్నా. వెక్కిరించలేదు. తిరిగి వస్తుంటే మొహం తడిసింది. వాన అని రాయి.

మార్చి 25

మూడు జతల ఎడ్లు, నలభైమంది జనం. కింద దుంగలు పరిచి, తాళ్ళు కట్టి లాగితే ఇల్లు ఊగుతూ గట్టెక్కింది. ఒక్క చీల ఊడలేదు! ఎలియాసర్ ఎడ్లు ముందు నడిచాయి. అతనూ నడిచాడు, వానలో, బురదలో.

పెట్టినవి: గొర్రె ఒకటి, ఆలుగడ్డ రొట్టెలు నాలుగు గంపలు, ఆపిల్ సారా రెండు పీపాలు. మిగిలినవి: ఏమీ లేవు.

మార్చి 30

అమావాస్య పోటు. ఇల్లుండిన చోట నడుంలోతు నీళ్ళు. నా పొయ్యి పక్కన కూచుని కిటికీలోంచి చూశా.

ఏప్రిల్ 1

మళ్ళీ మొదట్నించీ రాయి. మిగిలిన చెక్కతో కోళ్ళ గూడు కడతా. ఒక్కదాన్నే. ఈ రోజు నించి ఎవర్నీ, దేనికీ సాయం అడగను.

రాశావా? ఏదీ, చదువు.

ఎర్మీనా చదవలేదు. పెన్ను పక్కన పెట్టి, "అక్కా, జనవరి నించీ ఇది రాస్తున్నదెవరు?" అంది. వానలో గట్టెక్కి వచ్చింది, తడిసిన మేజోళ్ళు నా పొయ్యి పక్కన ఆవిరి కక్కుతున్నాయి.

పులుసు పోసి ఇచ్చా. తాగి, ఉప్పు తక్కువంది. ఊరుకున్నా.

రేపు కూడా రా ఎర్మీనా. అడుగుతున్నాను.

ఇది మాత్రం రాయకు.