ఎదురింటి గోడ

మార్చి 4
బాస్‌కి కంప్యూటర్లో నేను వేసిన గది బొమ్మ, అదే రెండర్, మళ్ళీ నచ్చలేదు. గది ప్లాస్టిక్ డబ్బాలా ఉందట. రెండు రోజులు ఒళ్ళు వంచి, కిటికీలోంచి సాయంత్రపు ఎండ బంగారంలా పోశాను. అది తూర్పు కిటికీ అని ఆయన చెప్పేదాకా నాకు తట్టనేలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కంప్యూటర్ వదిలి, వెళ్ళి ఆ గదిలో ఓ పూట కూర్చోమన్నాడు.

మార్చి 5
క్లయింట్ లెక్కల టీచర్. ఇంట్లో ముందు గదిని డ్రాయింగ్ రూమ్ చేయమంటోంది. ఇన్నాళ్ళూ అది వాళ్ళమ్మ కుట్టుగది. అమ్మకి కళ్ళు ఆనడం లేదండీ, ఏడాదిగా తెల్లబట్టకి గులాబీ దారం వేస్తోంది, కళ్ళజోడు రెండుసార్లు మార్చినా అంతే, ఇక మిషన్ అమ్మేస్తాం అంది. పెద్దావిడ పక్కనే ఉంది. నలభై ఏళ్ళు కుట్టాను, ఇంక చాల్లేమ్మా అంది. నవ్వుతూనే అంది గానీ చేయి మిషన్ మీంచి తీయలేదు. నాకు మనసు చివుక్కుమంది.

నా లేత గులాబీ చొక్కా చేతి అంచు ఊడిందని గుమ్మంలోనే పెద్దావిడ కనిపెట్టింది. కళ్ళు ఆననిది ఎవరికో!

సాయంత్రం 4.10
ఆ గదిలోనే కూర్చుని రాస్తున్నాను. ఈ పేజీ గులాబీ రంగులో ఉంది. తెల్ల నోటుబుక్కే! ఎదురింటికి ఇటుకరంగు గోడ. దాని మీద పడిన ఎండంతా తిరిగి ఈ గదిలోకి వస్తోంది.

మార్చి 6
మోడల్‌లో కిటికీ బయట ఒక ఎర్రగోడ నిలబెట్టాను. పది నిమిషాల పని. ప్లాస్టిక్ డబ్బా కాస్తా గదైపోయింది. బాస్ ఈసారి వంక పెట్టలేదు. అదే నాకు మెడల్.

బల్ల మీద సరదాగా రెండు దారపు ఉండలు పెట్టాను. ఒకటి తెలుపు, ఒకటి లేత గులాబీ. ఏది ఏదో నాకే తెలియలేదు. గోడ తీసేస్తే తెలిసింది. పెద్దావిడ గులాబీ దారం గుర్తొచ్చింది.

మార్చి 8
టీచర్ వాళ్ళింటికి వెళ్ళి గోడతో ఒక రెండర్, గోడ లేకుండా ఒకటి చూపించాను. ఎదురింటికి ఆ రంగు ఎప్పుడు వేశారని అడిగాను. పోయిన సంవత్సరం అని టీచరే చెప్పింది. చెప్పి, చటుక్కున తల్లి వైపు తిరిగింది.

పెద్దావిడ దారాల డబ్బా పట్టుకుని వెనక గదిలోకి నడిచింది. అక్కడ ఉత్తరం కిటికీ, ఎదురుగా గోడ లేదు. డబ్బాలోంచి ఏ ఉండ తీసిచ్చినా టకటకా రంగు చెప్పేసింది. ఒక్కటీ తప్పలేదు. ఏడాది పొడుగునా అమ్మని సతాయించానే అని టీచర్ ఏడ్చేసింది. తర్వాత ఏడుద్దువుగానీ, ముందీ కళ్ళజోడు మార్పించు తల్లీ, దీనితో మెట్లు కనపడి చావడం లేదు అంది పెద్దావిడ. ముగ్గురం పగలబడి నవ్వాం.

మార్చి 10
డ్రాయింగ్ రూమ్ ముందు గదిలోనే. ఆ వెలుతురులో చుట్టాలందరూ అందంగా కనిపిస్తారని బాస్ జోకు. వెనక గదికి కూడా డిజైన్ చేయమన్నారు. మిషన్ అమ్మరు.

మార్చి 19
మొన్న అడిగి తీసుకున్న నా గులాబీ చొక్కా పెద్దావిడ బాగుచేసి పంపింది. ఎండలోకి తీసుకెళ్ళి అంచు పొడుగునా వెతికాను. దారం కనపడలేదు.